పతకం చేరిన ఇళ్ళు

గత నెల నాగాయలంకలో ఒక సోదరుని ఇంటికి వెళ్ళాము. అసర్ నమాజు ముగిసిన వేళ. ఆ ఇంటి పెద్ద కుమారుడు ఇంటర్ పూర్తిచేసి, అగ్నివీర్ భర్తీకి వెళతానని పట్టుబట్టాడు. తల్లికి ఇష్టం లేదు. "మీరైనా చెప్పండి భాయ్‌సాబ్, చూస్తూ చూస్తూ బిడ్డను ఎలా పంపను?" అని ఆమె మమ్మల్ని అడిగారు. మంచం మీద కూర్చున్న దాదీ 1977 నవంబరు 19నాటి ఉప్పెనను తలచుకున్నారు. దివిసీమ శవాల దిబ్బగా మారినప్పుడు సహాయానికి వచ్చిన సైనికులు ఆమెకు ఇంకా గుర్తే. "ఆ పిల్లల్ని కూడా ఎవరో ఒక తల్లి పంపబట్టే కదా వచ్చారు" అన్నారామె. కోడలు బదులు పలకలేదు.

ఆ రోజు మేము ఆ తల్లికి ముందుగా సూర్యాపేట సంగతి చెప్పాము. కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్‌బాబు ఆ ఊరి బిడ్డ. సైన్యంలో చేరాలన్న తన కోరిక తీరక, బ్యాంకు ఉద్యోగం చేసుకున్న తండ్రి ఉపేందర్, కుమారుణ్ణి చిన్ననాడే కోరుకొండ సైనిక పాఠశాలకు పంపించారు. 2004లో అధికారిగా 16 బీహార్ రెజిమెంటులో చేరిన సంతోష్‌బాబు, చివరకు అదే దళానికి నాయకుడయ్యారు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. సరిహద్దు ఒప్పందాల కారణంగా తుపాకులు పేలలేదు. రాళ్ళు, ఇనుప కడ్డీలు, గడ్డకట్టించే నదీ జలాలు ప్రాణాలు తీశాయి. తీవ్రంగా గాయపడి కూడా ఆయన ముందు వరుసను విడువలేదు. ఆయనతో కలిపి 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 37 సంవత్సరాలు. ఇద్దరు చిన్నపిల్లల తండ్రి.

యుద్ధకాల శౌర్య పురస్కారాల్లో రెండవదైన మహావీర్ చక్రను 2021 నవంబరు 23న రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకోవడానికి ఇద్దరు స్త్రీలు కలిసి నడిచి వెళ్ళారు. ఒకరు తల్లి మంజుల, మరొకరు భార్య సంతోషి. ప్రశంసాపత్రం చదువుతున్నంతసేపూ వారు నిలబడి వినాలి. భర్త చివరి క్షణాలను నిండు సభలో వినడం ఎంత కష్టమో మన గృహిణులకు వేరే చెప్పనక్కరలేదు. అప్పటికే సంతోషి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగంలో ఉన్నారు. పిల్లల్ని పెంచుతూ కొత్తగా పాలనా వ్యవహారాలు నేర్చుకోవడం కూడా సేవే. దానికి పతకాలు ఉండవు.

"మనవాళ్ళలో ఎవరైనా ఉన్నారా?" అని దాదీ అడిగారు. ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధాముపూర్ గ్రామానికి చెందిన అబ్దుల్ హమీద్ గురించి చెప్పాము. దర్జీ కుమారుడు. 4 గ్రెనేడియర్స్‌లో హవల్దార్. 1965 సెప్టెంబరు 10న ఖేమ్‌కరణ్ రంగంలో, జీపుపై అమర్చిన ఫిరంగితో శత్రు ట్యాంకులను ఒకటి వెంట ఒకటిగా ధ్వంసం చేస్తూ నేలకొరిగారు. 1966 జనవరి 26న ఆయన పరమవీర్ చక్రను రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల నుంచి భార్య రసూలన్ బీబీ అందుకున్నారు.

ఆ తేదీలను మేము ఒకసారి చాంద్రమాన లెక్కలో సరిచూశాము. సెప్టెంబరు 10 నుంచి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడువు రమజాను చివరి భాగంలో ముగుస్తుంది. ఈదుల్ ఫిత్ర్ జనవరి 23 ప్రాంతంలో వచ్చింది. అంటే ఇద్దత్ ముగిసీ ముగియగానే, భర్త లేని తొలి పండుగ జరిగిన వారంలోనే, ఆ పల్లెటూరి ఇల్లాలు ఢిల్లీలో పతకం అందుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఆమె 2019 ఆగస్టు వరకు, అర్ధ శతాబ్దానికి పైగా జీవించారు.

ఇవన్నీ విని ఆ తల్లి మనస్సు కుదుటపడిందని మేము అనుకోవడం లేదు. కుదుటపరచాలని చెప్పినవీ కావు. సైన్యంలో వెళ్ళినవారందరూ చనిపోరు, నిజమే. కానీ ఆ భయం అబద్ధమని ఏ తల్లికి చెప్పగలం? యుద్ధానికి వెళ్ళడానికి అనుమతి కోరి వచ్చిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (స), తల్లిదండ్రులు జీవించి ఉన్నారా అని అడిగి, వారి సేవకే తిప్పి పంపిన సంఘటన హదీసు గ్రంథాలలో ఉంది. అందుకే ఆ అబ్బాయినే పిలిచి, అమ్మీతో నువ్వే కూర్చొని మాట్లాడు, ఆమెకు తెలియకుండా ఒక్క కాగితం మీద కూడా సంతకం చేయవద్దని చెప్పాము.

అతను తలవంచుకున్నాడు. నెల రోజులుగా ఫజర్ నమాజు తరువాత ఎవరికీ చెప్పకుండా కరకట్ట మీద పరుగు సాధన చేస్తున్నాడట.

"నాకు తెలియదనుకున్నావా?" అన్నారు తల్లి. "రోజూ ఆ బూట్ల బురద కడిగేది ఎవరు?"