ఎప్పుడొస్తాదో చెప్పండి

పిల్లల ఛానళ్ల పెద్దలు విలేకరుల ముందు కూర్చుంటే రాబోయే సూపర్‌హీరో బొమ్మల సీరియళ్ల గురించి గంటసేపైనా మాట్లాడతారు. వెనక తెర మీద హీరో ఎగురుతుంటాడు, చప్పట్లు పడతాయి. ఎప్పుడు వేస్తారు, తెలుగులో ఉంటుందా, మాటలు ఎవరు రాస్తున్నారు, మొదలుపెట్టింది చివరిదాకా వేస్తారా అని అడిగితే మాత్రం గొంతు మారుతుంది. ‘పని జరుగుతోంది’ అంటారు. ‘సమయం వచ్చినప్పుడు ప్రకటిస్తాం’ అంటారు. మరీ గట్టిగా అడిగితే నవ్వి, పక్క కుర్చీ వైపు తిరుగుతారు. పిల్లల మీద బతికే పరిశ్రమ పిల్లలకు చెప్పాల్సిన కనీసపు మాట ఎగ్గొడుతోంది. మా కోపం దాని మీదే.

పుంగనూరులో కేబుల్ డబ్బులు వసూలు చేసే కుర్రాడు గడప దగ్గర నిలబడితే చాలు, లోపలి నుంచి పిల్లలు పరిగెత్తుకొస్తారు. ‘అన్నా, ఆ బొమ్మల కత సగంలో నిలిపేసినారే, మిగిలింది ఎప్పుడొస్తాది?’ ‘నాకేం తెలుసురా, పైనోళ్లు ఏస్తే వస్తాది.’ ఆ కుర్రాడి తప్పేమీ లేదు, అతనికి నిజంగానే తెలియదు. తెలిసినవాళ్లు ముంబైలోనో చెన్నైలోనో ఉన్నారు. ఈ పిల్లల ప్రశ్న అక్కడిదాకా పోయే దారి లేదు. దారి ఉన్న పత్రికల వాళ్లు అడిగితే జవాబు లేదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో 2012 అక్టోబరులో కార్టూన్ నెట్‌వర్క్ ‘యంగ్ జస్టిస్’, ‘గ్రీన్ లాంటర్న్’ సీరియళ్లను నడుస్తుండగానే ఆపేసింది. జనవరిలో మళ్లీ వేస్తామన్నారు. వేశారు, మార్చికల్లా రెండూ ముగించేశారు. అసలు సంగతి తర్వాత ‘యంగ్ జస్టిస్’ నిర్మాతల్లో ఒకరైన గ్రెగ్ వైస్‌మన్ చెప్పాడు. ఆ సీరియల్ ఖర్చులో కొంత మ్యాటెల్ అనే ఆటబొమ్మల కంపెనీ పెట్టేది. బొమ్మలు అనుకున్నంత అమ్ముడుపోలేదు, కంపెనీ డబ్బు ఆపేసింది, కథ ఆగింది. బ్యాట్‌మన్ కార్టూన్లు రాసిన పాల్ డీని 2013లో ఇంకో మాట బయటపెట్టాడు. ఆడపిల్లలు ఎక్కువగా చూస్తుంటే ఛానల్ వాళ్లకు నచ్చేది కాదట, ఆడపిల్లలు ఈ బొమ్మలు కొనరని వాళ్ల లెక్క. ‘యంగ్ జస్టిస్’ తర్వాతి భాగం 2019 జనవరికి గాని రాలేదు. పదేళ్ల వయసులో చూస్తూ ఆపేసిన పిల్లవాడికి అప్పటికి పదహారేళ్లు. ‘బ్యాట్‌మన్: కేప్డ్ క్రూసేడర్’ను 2021లో ప్రకటించారు, 2022లో వదిలేసుకున్నారు. చివరికి 2024 ఆగస్టులో అమెజాన్ ప్రైమ్ చూపించింది.

అక్కడ ఎవరో ఒకరు ఆలస్యంగానైనా నోరు విప్పారు. మన దగ్గర అదీ లేదు. బొమ్మల పనికి మాత్రం మన ఊళ్లు కావాలి. 2009లో అమెరికాలో మొదలైన ‘ఐరన్ మ్యాన్: ఆర్మర్డ్ అడ్వెంచర్స్’ నిర్మాణంలో హైదరాబాదు కంపెనీ డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ భాగస్వామి. రాజీవ్ చిలక హైదరాబాదులోనే గ్రీన్ గోల్డ్ సంస్థను 2001లో పెట్టి, అక్కడి నుంచే ‘ఛోటా భీమ్’ను తయారుచేశాడు. అది 2008లో పోగోలో మొదలై దేశమంతా పాకింది. ఆ మరుసటి ఏడాది సన్ నెట్‌వర్క్ ఖుషీ టీవీ పెట్టి, తెలుగు పిల్లలకంటూ ఒక ఛానల్ ఇచ్చింది. గీసే చేతులున్నాయి, చూసే కళ్లున్నాయి, ఛానలూ ఉంది. మరి రాబోయే సీరియల్ సంగతి తెలుగు పిల్లలకు చివర్న ఎందుకు తెలియాలి?

కుప్పం పిల్లల సంగతే చూడండి. ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. ఇంట్లో తెలుగు, సంతలో మూడు భాషలు. బొమ్మల కథ ఏ భాషలో ముందు వస్తే ఆ పిల్లలు ఆ భాషలోనే పట్టుకుంటారు, వాళ్లకు అది కష్టమూ కాదు. కానీ హీరో తమిళంలోనో హిందీలోనో ఎప్పుడో మాట్లాడేసి, తెలుగు మాత్రం ‘పరిశీలనలో’ ఉంటే, సాహసం చేసేవాడు మన భాషలో మాట్లాడడన్న భావం పసితనంలోనే పాతుకుపోతుంది. సాహిత్య పత్రికకు బొమ్మల సీరియళ్లతో ఏం పని అని అడిగేవాళ్లకు మా జవాబు ఇదే. ఏడేళ్ల పిల్లవాడు రోజూ వినే తెలుగు వాక్యాలు రాసేవాడు మాకు రచయితే. అతని పేరు ఛానల్ వాళ్లు చెప్పరు, టైటిళ్లలో వెతికినా తరచూ కనిపించదు.

తేదీ చెప్పడం అంత కష్టమేమీ కాదు. ‘బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్’ బొమ్మల సిరీస్‌ను 2024 ఏప్రిల్ ఆఖరులో ప్రకటించారు, మే 17న హాట్‌స్టార్‌లో వచ్చింది. సరుకు అమ్మేటప్పుడైతే ముహూర్తం అసలు తప్పదు. జూన్‌లో బళ్లు తెరిచేనాటికి మదనపల్లె బజారులో నారింజ పంచె కట్టిన బుల్లి భీముడు సంచుల మీద, టిఫిన్ డబ్బాల మీద సిద్ధంగా ఉంటాడు.

ముందే చెబితే ఆసక్తి చస్తుందని కొందరి వాదన. వాళ్లు ఒక్కసారి చిత్తూరు సీమకు వచ్చి ధర్మరాజు గుడి దగ్గర భారతం చూడాలి. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. మొదలయ్యే ముందే కరపత్రం ఊరూరా తిరుగుతుంది. పల్చటి రంగు కాగితం, వెలుగుకు పట్టుకుంటే వెనకవైపు అచ్చు కనబడుతుంది. బకాసుర వధ ఏ రోజు, అర్జున తపస్సు ఏ రోజు, దుర్యోధన వధ ఏ పూట, కథ చెప్పే భాగవతార్ ఎవరు, నాటకం ఆడే బృందం ఏ ఊరిది, అన్నీ ఉంటాయి. కింద ఉభయదారుల పేర్లు. ఏ రోజు ఖర్చు ఎవరు పెట్టుకున్నారో ఊరందరికీ తెలుస్తుంది. కథ తెలియనివాడు ఆ జనంలో ఒక్కడుండడు. అయినా భీముడు అన్నం బండెక్కి వీధిలోకి వస్తుంటే పిల్లలు బండి వెనకే పరుగెడతారు. నేల మీద పడుకోబెట్టిన ఆ పెద్ద మట్టి దుర్యోధనుడి తొడ మీద దెబ్బ పడే పూట మిట్ట మీద అడుగు పెట్టే చోటుండదు.

భారతానికీ డబ్బు కావాలి, సీరియల్‌కీ కావాలి. ఎవరి డబ్బుతో ఏ కథ నడుస్తుందో కరపత్రం దాచదు. ఛానల్ దాస్తుంది. డబ్బు ఆగినందుకు కథ ఆగిందని చెప్పడం నామోషీ అనుకుని, ‘మా వ్యూహం మారింది’ అంటుంది. పిల్లవాడికి వ్యూహం అక్కర్లేదు. ‘ఈ కథ ఇక రాదు, డబ్బు చాలలేదు’ అంటే ఒక రోజు ఏడ్చి ఊరుకుంటాడు. ఏళ్ల తరబడి ఎదురుచూడనివ్వడం కంటే అది ఎంతో దయగల పని.

యానిమేషన్ నెమ్మదిగా సాగే పని అని మాకూ తెలుసు. తేదీలు జరుగుతాయి. జరిగిందని చెప్పండి. కథలో ఎవరు గెలుస్తారో మీ దగ్గరే ఉంచుకోండి, అది మీ హక్కు. తెలుగులో ఎప్పుడో, రాసేది ఎవరో, ఎన్ని భాగాలు ఖాయమో దాచే హక్కు మీకు లేదు. ఈ నెల తెలుగులో పిల్లల కార్యక్రమాలు వేసే ప్రతి సంస్థకూ ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా పంపుతున్నాం. వచ్చిన జవాబులను ఒక్క మాట మార్చకుండా వచ్చే సంచికలో అచ్చు వేస్తాం. జవాబు ఇవ్వనివాళ్లను ఆ పై సంచికలో మళ్లీ అడుగుతాం.