శిలాఫలకం మీద బేల్దారి పేరేదీ?

పాత కట్టడాల్ని కూల్చకుండా బాగుచేసి నిలబెట్టినవాళ్ళకి అవార్డులిస్తున్నారు. ఆసియా పసిఫిక్ దేశాలకు యునెస్కో 2000 నుంచి ఇస్తోంది. మన తెలుగు నేల మీద 2010లో హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కి వచ్చింది. 2022లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి మెట్లబావులకీ, దోమకొండ కోటకీ వచ్చింది. మంచిదే. పూడిపోయిన బావి బాగుపడి మళ్ళీ వాన నీళ్ళు నిలిస్తే ఎవరికి చేదు?

మా పేచీ అవార్డుతో కాదు. నిజాం ప్యాలెస్సు, దొరల కోట, సుల్తానుల సమాధులు. ఎంపికయ్యేవి ఇవి. రాయి కొట్టిన వడ్డె, గార మెత్తిన బేల్దారి, సున్నం తట్ట మోసిన మాల మాదిగ ఆడకూలి ఏ శిలాఫలకం మీదా కనపడరు. బాగుచేసేటప్పుడూ వీళ్ళే, కట్టినప్పుడూ వీళ్ళే. ఫొటోలో మాత్రం శాలువా కప్పుకున్న పెద్దమనుషులు.

మన ఒంటిమిట్టనే చూడండి. కోదండరాముడి గుడిని 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి యాత్రికుడు చూసి మెచ్చుకున్నాడని గొప్పగా చెప్పుకుంటాం. వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా అడుక్కుని పాడుబడిన గుడిని బాగుచేయించారు. యునెస్కో పుట్టకముందే, ఏ అవార్డూ ఆశించకుండా చేసిన పని. ఆ కష్టాన్ని మేం తక్కువ చేయం. కానీ ఆయన 1936లో పోయారు. హరిజనులు గుళ్ళోకి పోవచ్చని మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది 1947లో. అంటే గుడి బాగుపడే నాటికి లోపలికి పోయే హక్కు మనకి లేదు. ఇమాంబేగ్ అనే తురకాయన తవ్వించిన బావి నీళ్ళు రాముడికి పనికొచ్చాయి. మన చేతి నీళ్ళు మాత్రం మైల!

ఇంకో మాట. ఒంటిమిట్ట అనే పేరే ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరి నుంచి వచ్చిందని ఊరి కథ. దొంగతనాలు చేసి బతికి, తర్వాత మారి, గుడికి కారకులయ్యారట. కథే కావచ్చు. అయినా చక్రవర్తి పేరు కాదు, ఆ ఇద్దరి పేరే ఊరికి నిలిచింది. ఏ అవార్డు కమిటీ ఇవ్వని గౌరవాన్ని జనం నోరు ఇచ్చింది.

కాపాడడం అనే మాటకి మనవైపు ఇంకో ముఖం ఉంది. ఈ గుడి కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం ఇలాంటి కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త ఇల్లు కట్టకూడదు. ఆ తర్వాత రెండువందల మీటర్లకి అనుమతి కావాలి. చట్టం తప్పని అనం. కానీ అర్జీ రాసుకోవడం, ఆఫీసుల చుట్టూ తిరగడం తెలిసినవాడి మిద్దె లేస్తుంది. తెలియనివాడి కొట్టం వానకి కారుతూనే ఉంటుంది. పాత ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి అనుమతి అడిగే హక్కు ఉందని పేటల్లో ఎవరు చెప్పారు?

ఇక మన కట్టడాలు. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీవాళ్ళం. మా పెద్దలకి అక్షరం దొరికింది అగ్రహారంలో కాదు. కడప, జమ్మలమడుగు, నంద్యాల వైపు మిషను బళ్ళల్లో దొరికింది. మాలో ఒకరు చదివిన మట్టిమిద్దె బడిని ఒక ఊళ్ళో ఒక్క పూటలో పడగొట్టారు. దూలాలు, నాపబండలు కాంట్రాక్టరు ట్రాక్టరెక్కాయి. ఎవరూ అడగలేదు. మనమూ అడగలేదు. పాత బడి పోయి కొత్త స్లాబు వస్తోందని సంబరపడ్డాం. మనకి వేరేగా తవ్వించిన బావులూ అట్లే పూడుతున్నాయి. అవి మన అవమానానికి సాక్ష్యాలు. సాక్ష్యం పూడిస్తే లాభం ఎవరికి?

యునెస్కో నిబంధన చూడండి: కట్టడానికి యాభై ఏళ్ళు దాటాలి, బాగుచేశాక వాడకంలో ఉండాలి. రాజుదై ఉండాలని ఎక్కడా లేదు. మన పేట బడికి, చర్చికి, బావికి యాభై ఏళ్ళు ఎప్పుడో దాటాయి.

కాబట్టి ఈ పక్షం కార్యకర్తలకి ఒక పని. మీ పేటలో పాత బడి, బావి, ప్రార్థన మందిరం ఏదున్నా ఫొటో తీయండి. దాన్ని కట్టిన బేల్దారుల పేర్లు ముసలోళ్ళని అడిగి రాసిపెట్టండి, ఆడకూలీల పేర్లతో సహా. గ్రామసభలో చర్చించకుండా కూల్చకూడదని పంచాయతీకి అర్జీ పెట్టండి. ఆ పేర్లు మాకు పంపితే వచ్చే సంచికలో మొదటి పేజీలో వేస్తాం.