భోగిపళ్లకు ఫంక్షన్ హాలెందుకు?

ఇంట్లో పసిబిడ్డ ఉంటే తొలి సంక్రాంతిని ఘనంగా చేసి తీరాలన్న మాట బెజవాడ దగ్గరి మా ఇబ్రహీంపట్నం వైపు స్థిరపడిపోయింది. హాలు మాట్లాడాలి, పూల స్టేజీ కట్టించాలి, ఫొటోగ్రాఫరు రావాలి, డీజే మోగాలి, వచ్చినవాళ్లందరికీ భోజనాలూ రిటర్న్ గిఫ్టులూ అందాలి. ఇదంతా ఎందుకని అడిగితే "తొలి పండుగ మళ్లీ రాదు కదా!" అంటారు. ఆ మాటకు ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. నేను చెబుతాను. మళ్లీ రాదని చేసే ఆర్భాటం వల్ల బిడ్డకు ఏ ఆనవాయితీ మిగలదు. ఏటా అదే చోట, అదే చేతుల మీదుగా జరిగేదే మిగులుతుంది.

అసలు భోగిపళ్ల వేడుకలో ఏముందో చూడండి. సాయంత్రం బిడ్డను పీట మీద కూర్చోబెట్టి, రేగిపళ్లు, చెరుకుముక్కలు, బంతిపూల రేకులు, నానబెట్టిన సెనగలు, చిల్లర నాణేలు కలిపి, పెద్దవాళ్లూ పేరంటాళ్లూ దిష్టి తీసి తల మీద పోస్తారు. హారతి ఇస్తారు. కిందపడ్డ నాణేల కోసం వీధి పిల్లలు ఎగబడతారు. పట్టుమని అరగంట పట్టదు. అందులో వాడేవన్నీ ఆ రుతువులో చేతికందేవే. సాధారణంగా ఐదేళ్ల దాకా ఏటా పోస్తారు. అంటే ఈ ఆచారాన్ని మన పెద్దలు మళ్లీ మళ్లీ చేసుకోవడానికి వీలుగానే కట్టుకున్నారు. దాన్ని తీసుకెళ్లి హాల్లో పెడితే మొదటి ఏడు అప్పు మిగులుతుంది, రెండో ఏడు ఆచారమే ఆగిపోతుంది.

బిడ్డ సంగతి ఆలోచించండి. నాలుగు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. నిద్రవేళకు డీజే పెట్టి, జరీ గుచ్చుకునే బట్టలు తొడిగి, ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి మారుస్తూ ఫొటోలు తీయిస్తే ఆ బిడ్డ గుక్కపెట్టి ఏడవక ఏం చేస్తుంది? రేగి గింజ, సెనగ, నాణెం – మూడూ పసివాళ్ల గొంతుకు అడ్డం పడేవే. ఇంట్లో నలుగురి మధ్యైతే తల్లి కన్ను బిడ్డ చేతి మీదే ఉంటుంది. గుంపులో ఎవరు చూస్తారు? ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దంటారు వైద్యులు. ఏడాది లోపు తేనె అసలే పనికిరాదు. కానీ వచ్చిన ప్రతివారూ "పండుగ కదా" అని నోటికి ఏదో ఒకటి రాస్తారు. కాన్పు నుంచి ఇంకా తేరుకోని తల్లి గంటల తరబడి పట్టుచీరలో నవ్వుతూ నిలబడాలి. ఖర్చు పుట్టింటివాళ్లదే అన్న పట్టుదల ఉన్న ఇళ్లలో ఆ ముసలి తల్లిదండ్రుల గుండె మీద బరువు వేరే చెప్పాలా?

"బంధువులంతా కలిసేది ఈ మూడు రోజులే" అనే వాదన ఉంది. అది నిజం, తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. సంక్రాంతి ముందు హైదరాబాదు నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద మా ఊరి మీదుగా బెజవాడ వైపు సాగే బళ్ల బారు చూసినవాళ్లకు ఆ ఆరాటం తెలుసు. అంత దూరం వచ్చేవాళ్లకు కావలసింది పిల్లను ఎత్తుకుని కాసేపు కూర్చోవడం. హాల్లో వాళ్లకు దొరికేది ఫొటో కోసం వరుసలో నిలబడే అవకాశం, ఆ తర్వాత బంతి భోజనం. భోగినాడు ఇంటివాళ్లతో పళ్లు పోయండి. కనుమనాడు గారెలతో బంధువులందరికీ ఇంట్లోనే భోజనం పెట్టండి. రెండూ దక్కుతాయి.

"మరి గుర్తుగా ఏం మిగులుతుంది?" అంటారు. మనకు ఇరుగూపొరుగే సమాధానం. కొండపల్లి, ఇబ్రహీంపట్నం ఇప్పుడు ఒకే పురపాలక సంఘం. తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, రంగులద్దే బొమ్మ కొండపల్లిలో పుడుతుంది. భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం అది. ప్రతి సంక్రాంతికీ ఒక్క బొమ్మ కొనండి. ఈ ఏడు ఎడ్లబండి, వచ్చే ఏడు తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, ఆపైన అంబారీ ఏనుగు. నోట్లో పెట్టుకునే వయసు దాటేదాకా బిడ్డకు అందకుండా బొమ్మల కొలువులో ఉంచండి. పదో ఏట ఆ పిల్ల తన పది బొమ్మలనూ తానే మెట్ల మీద సర్దుతూ, ఏది ఏ ఏడాది వచ్చిందో చుట్టాలకు చెబుతుంది. స్టేజీ పూలకు పోసే డబ్బులో కొంతైనా మన పక్కనున్న కళాకారుడి ఇంటికి చేరుతుంది. ఫొటో కావాలా? ఏటా అదే పీట మీద ఒక్కటి తీయండి. ఐదేళ్లకు ఐదు ఫొటోల్లో బిడ్డ ఎదుగుదలంతా కనిపిస్తుంది.

ఇది సంక్రాంతికే పరిమితమైన మాట కాదు. తొలి క్రిస్మస్ చేసుకునే ఇంటికీ, తొలి రంజాన్ చేసుకునే ఇంటికీ ఇదే వర్తిస్తుంది. పసిబిడ్డ పండుగను నేర్చుకునేది ఆ ఇంటి వాసనల నుంచీ, పిలుపుల నుంచీ, ఏటా తప్పని చిన్న చిన్న పనుల నుంచీ. వాటికి అద్దె కట్టే పని లేదు. వాటికి కావలసింది పెద్దవాళ్ల తీరిక, ఓపిక.

వచ్చే జనవరిలో మీ ఇంట తొలి భోగి ఉంటే, హాలు వెతకడానికి ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఐదో ఏడు కూడా దీన్ని ఇలాగే చేయగలమా? చేయలేనిది మొదటి ఏడు కూడా చేయకండి.