డిసెంబరు 3 తర్వాత ఆ పిల్లలు ఏ క్లాసులో ఉంటారు?

'స్పెషల్ ఎడ్యుకేషన్ చేసి ఉంటే బాగుండేదిరా, పోటీ తక్కువ.' డీఎస్సీకి చదువుతున్న ఏ రూముకి వెళ్లినా ఈమధ్య ఈ మాట వినిపిస్తోంది. దానికి ఆధారం లేకపోలేదు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 ప్రత్యేక విద్య టీచర్ పోస్టులు మంజూరు చేసింది. అందులో ఎస్జీటీలు 1,136, స్కూల్ అసిస్టెంట్లు 1,124. అంతకుముందు ఏడాది తెలంగాణ డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యవి 1,016.

ఇవి ఊరికే రాలేదు. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక లెక్క చెప్పింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రైమరీలో పది మందికి ఒక టీచరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒక టీచరు ఉండాలంది. రాష్ట్రాలు కదల్లేదు. 2025 మార్చిలో అదే కేసులో, పోస్టుల సంఖ్య నోటిఫై చేయాల్సిందేనని గడువు పెట్టి ఆదేశించింది.

కరెంట్ అఫైర్స్ నోట్సులో ఇంతవరకు మీరు రాసుకునే ఉంటారు. ఆ పక్క పేజీ మాత్రం ఖాళీగా ఉంటుంది. కొత్త టీచరు వచ్చి పిల్లలకు చదవడం, రాయడం నేర్పుతారు, సరే. మరి డ్రాయింగ్ పీరియడ్‌లో, పాటల క్లాసులో, స్కూల్ నాటకంలో ఆ పిల్లలు ఎక్కడ ఉంటారు? డిసెంబరు 3న, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం నాడు, వాళ్లను వేదిక ఎక్కిస్తాం. ఒక డ్యాన్సు, చప్పట్లు, ఒక గ్రూప్ ఫొటో. నాలుగో తేదీ పొద్దున మిగతా పిల్లలు కోలాటం ప్రాక్టీసు చేస్తుంటే వీళ్లు వరండాలో కూర్చుంటారు.

చట్టంలో ఉంది, మన బిట్ బ్యాంకుల్లో లేదు

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 అనగానే మనకు గుర్తొచ్చేవి మూడు. వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరగడం, ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్. బిట్ బ్యాంకుల్లో సాధారణంగా అంతే ఉంటుంది. సెక్షన్ 29 చదివినవాళ్లు తక్కువ. సాంస్కృతిక జీవితం, వినోదం గురించిన సెక్షన్ అది. దివ్యాంగ కళాకారులకు సదుపాయాలు, ఆర్థిక సాయం ఇవ్వాలి. నృత్యం, చిత్రకళ క్లాసుల్లో పాల్గొనే వీలు కల్పించాలి. కళల కోర్సుల్నే వాళ్లకు అందేలా తిరిగి రూపొందించాలి అని ప్రభుత్వాలకు చెబుతుంది. ఆ చివరిది గమనించండి. పిల్లల్ని కోర్సుకు తగ్గట్టు మార్చమని చట్టం అనలేదు, కోర్సును మార్చమంది.

దీని మూలం ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికలోని 30వ అధికరణం. భారత్ దాన్ని 2007 అక్టోబరు 1న ఆమోదించింది. దివ్యాంగుల సృజన వాళ్ల కోసమే కాదు, సమాజాన్ని సంపన్నం చేయడానికి కూడా అని అందులో ఉంది. ఎస్సే పేపర్‌లో 'సమ్మిళిత విద్య' వస్తే ఈ రెండూ కలిపి రాసి చూడండి, మీ సమాధానం మిగతావాటిలా ఉండదు.

రెండు పేర్లు కలిపేయొద్దు

ఇక్కడ చాలామంది తడబడతారు. మన చట్టంలో 'నిర్దిష్ట అభ్యసన వైకల్యం' వేరు, 'మేధోపరమైన వైకల్యం' వేరు. మొదటిదాంట్లో తెలివికి లోటు ఉండదు. చదవడంలో ఇబ్బంది అయితే డిస్‌లెక్సియా, రాయడంలో అయితే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో అయితే డిస్‌కాల్కులియా, శరీర కదలికల్ని సమన్వయం చేసుకోవడంలో అయితే డిస్‌ప్రాక్సియా. రెండోదాంట్లో అర్థం చేసుకోవడం, నిత్యజీవితపు పనులు చేసుకోవడం రెండూ నెమ్మదిగా సాగుతాయి. ఉద్యోగాల రిజర్వేషన్లో ఆటిజం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలతో పాటు ఈ రెండూ ఒకే ఒక్క శాతం కింద ఉండటంతో అన్నీ ఒకటే అనిపిస్తాయి. పైగా బ్రిటన్‌లో 'లెర్నింగ్ డిజబిలిటీ' అంటే మేధోపరమైన వైకల్యమే. అక్కడి రిపోర్టు చదివి ఇక్కడ కోట్ చేస్తే అర్థమే తారుమారవుతుంది.

ఎంతమంది ఉన్నారు? 2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. కానీ ఆ ఫారంలో అభ్యసన వైకల్యానికి గడే లేదు. 1995 నాటి పాత చట్టంలోనూ ఆ పేరు లేదు. అంటే డిస్‌లెక్సియా ఉన్న పిల్లలు మన లెక్కల్లో 'మొద్దు', 'అల్లరి', 'చదువు రాదు' అనే గళ్లలో ఉండిపోయారన్నమాట. అవి జనగణనలో ఉండవు, ప్రోగ్రెస్ కార్డులో ఉంటాయి.

ఆగిరిపల్లిలో చూద్దాం

విజయవాడ నుంచి నూజివీడు వెళ్లే దారిలో ఆగిరిపల్లి వస్తుంది. శోభనాచల స్వామి కొండ, చుట్టూ మామిడి తోటలు. 2022 ఏప్రిల్ పునర్విభజనలో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు వెళ్లిన మండలం. ఇక్కడ ఆరో తరగతి చదివే ఒక పిల్లాడు ఉన్నాడనుకోండి. కాయను చూసి చిన్న రసమో, పెద్ద రసమో, బంగినపల్లో దూరం నుంచే చెప్పేస్తాడు. తెలుగు వాచకం ఇస్తే 'మ'కీ 'య'కీ తేడా పట్టుకోవడానికి తంటాలు పడతాడు. గుణింతం వరకు ఎలాగో లాక్కొస్తాడు, ఒత్తు వచ్చిందంటే ఆగిపోతాడు.

ఈ పిల్లాడి చుట్టూ కళలకు కొదవ లేదు. ఇటు నూజివీడులో పనస చెక్కతో వీణలు చేసే కుటుంబాలు, విజయవాడ దాటితే తెల్లపొణికి చెక్క బొమ్మలకు పేరుపడ్డ కొండపల్లి, కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో కూచిపూడి. ఇవన్నీ తరతరాలుగా చెవితో విని, కంటితో చూసి, చేత్తో చేసి నేర్చుకున్న విద్యలు. గురువు అంటాడు, శిష్యుడు అంటాడు. పుస్తకం తెరవకుండానే సరళీ స్వరాలు వచ్చేస్తాయి. అక్షరం దగ్గర ఆగిపోయే పిల్లాడికి ఇంతకంటే అనువైన క్లాసు ఏముంటుంది?

కానీ అదే విద్య సర్టిఫికెట్ కోర్సు అయ్యేసరికి థియరీ పేపర్ వచ్చింది. ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలల పరీక్షల్లో ప్రాక్టికల్స్‌తో పాటు అదీ రాయాలి. రాగ లక్షణాలు పాడి చూపించగలిగినవాడు వాటిని రాయలేక తప్పితే, మనం అతని సంగీతాన్ని పరీక్షించినట్టా, చేతిరాతనా? స్క్రైబ్, అదనపు సమయం లాంటి వెసులుబాట్లు పదో తరగతి పరీక్షలకే అనుకుంటాం. వాటిని సంగీతం పరీక్షకు అడగాలన్న ఆలోచన తల్లిదండ్రులకు రాదు, చెప్పేవాళ్లూ ఉండరు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2007లో 'తారే జమీన్ పర్' వచ్చాక డిస్‌లెక్సియా అన్న మాట ఇంటింటికీ తెలిసింది. మేలే. దాంతోపాటు ఒక అపోహ కూడా ఇంట్లోకి వచ్చింది: చదువు రాని పిల్లలందరిలో ఒక చిత్రకారుడు దాక్కుని ఉంటాడని. నాకైతే ఇది కొత్త రకం ఒత్తిడి అనిపిస్తుంది. డిస్‌ప్రాక్సియా ఉన్న పాపకు కూచిపూడి అడుగులు నరకం కావచ్చు. లెక్కలు తిరగబడే పిల్లాడికి తాళం తప్పవచ్చు. మామూలు పిల్లలు మామూలుగా బొమ్మలు వేసినా మనం అడ్డు చెప్పం కదా. వీళ్లకు మాత్రం బహుమతి తెస్తేనే డ్రాయింగ్ పుస్తకం కొంటామంటే ఎలా?

క్లాసును ఎలా మార్చాలి?

ఖర్చుతో కూడిన పని కాదు. నాటకం వేస్తుంటే డైలాగులు కాగితం మీద ఇవ్వకుండా ఫోన్‌లో రికార్డు చేసి ఇవ్వొచ్చు, ఇంటికెళ్లి వింటాడు. కోలాటంలో ఎవరు ఎటు తిరగాలో నేల మీద రంగు సుద్దతో గీయొచ్చు. 'కుడి, ఎడమ' అని అరిచే బదులు ఒక చేతికి ఎర్ర దారం కట్టి 'ఎర్ర చెయ్యి' అనొచ్చు. ఒకేసారి మూడు సూచనలు ఇవ్వకుండా ఒకటి చెప్పి, అది అయ్యాక రెండోది.

మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలకు బుర్రకథ ఎంత బాగా కుదురుతుందో ఆలోచించండి. కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ప్రతి చరణానికీ అదే వంతపాట, అదే డక్కీ దరువు. పల్లవి తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి పిల్లాడు దాన్ని పట్టుకుంటాడు. తప్పితే తర్వాతి చరణానికి కలుస్తాడు. పైగా వంత లేకపోతే కథ నడవదు, కాబట్టి అతను అక్కడ జాలికొద్దీ నిలబెట్టిన మనిషి కాదు. మన కళారూపాల్లో ఇలాంటి చోట్లు చాలా ఉన్నాయి. వెతికే టీచరు కావాలి.

ఓపిక కూడా కావాలి. అమెరికాలోని ఓక్లాండ్‌లో 1974లో మొదలైన క్రియేటివ్ గ్రోత్ అనే ఆర్ట్ సెంటర్ ఉంది. 1987లో అక్కడికి జూడిత్ స్కాట్ అనే మహిళ వచ్చింది. డౌన్ సిండ్రోమ్, దానికి తోడు చెవుడు. చెవుడు సంగతి చిన్నప్పుడు ఎవరూ గుర్తించలేదు. చదువు చెప్పినా ఎక్కదన్నారు, దాదాపు 35 ఏళ్లు ఆశ్రమాల్లో ఉంచేశారు. కవల సోదరి బయటికి తీసుకొచ్చి ఈ సెంటర్‌లో చేర్చింది. దాదాపు రెండేళ్లు ఆమె దేని మీదా ఆసక్తి చూపలేదు. ఎవరూ పంపేయలేదు. ఒకరోజు దారాలు చేతికొచ్చాయి. దొరికిన వస్తువునల్లా దారంతో, నూలుతో చుడుతూ పోయింది. 2005లో చనిపోయేవరకు చేసిన ఆ శిల్పాలు ఇవాళ న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ సేకరణలోనూ ఉన్నాయి. మ్యూజియం సంగతి పక్కన పెట్టండి. ఆ రెండేళ్ల గురించి ఆలోచించండి. మన స్కూళ్లలో వార్షికోత్సవం రిహార్సల్స్‌లో రెండు రోజులు అడుగు పడకపోతేనే పేరు కొట్టేస్తాం.

ఈ పని ఎవరు చేయాలి?

అసలు చిక్కు ఇదే. కళ తెలిసినవాళ్లకు ఈ పిల్లలు తెలియరు, ఈ పిల్లలు తెలిసినవాళ్లకు కళ తెలియదు. విద్యాహక్కు చట్టం-2009 ప్రకారం పార్ట్‌టైమ్ ఆర్ట్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాల్సింది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వందమందికి మించి పిల్లలుంటేనే. పల్లె ప్రైమరీ స్కూలుకు ఆ అవకాశమే లేదు. ఇక సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే ఐఈఆర్పీలు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు. ఫిజియోథెరపీ శిబిరాలు, సదరం సర్టిఫికెట్ల పనులు, ఇంటికెళ్లి పాఠాలు, అన్నీ వాళ్లే చూసుకోవాలి. డ్యాన్సు కూడా నేర్పండి అనడం అన్యాయం.

కాబట్టి కళ, ప్రత్యేక విద్య రెండూ తెలిసిన మనిషికి చోటు ఉంది. ఎలా వెళ్లాలి? ముందుగా భారత పునరావాస మండలి గుర్తించిన డీఎడ్ లేదా బీఎడ్ స్పెషల్ ఎడ్యుకేషన్ చేయాలి. చేరేముందు కాలేజీకి ఆ గుర్తింపు మీరు చేరే ఏడాదికి ఉందో లేదో చూడండి. చదువయ్యాక మండలి రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. ఆ నంబరు లేకుండా ప్రాక్టీస్ చేయడం 1992 చట్టం ప్రకారం శిక్షార్హం. ఏపీ టెట్‌లో వీళ్లకు వేరే పేపర్లు ఉంటాయి, 1-బి, 2-బి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ మేధోపరమైన వైకల్యాల రంగంలో కోర్సులు నడుపుతోంది. ఆర్ట్, డ్యాన్స్ థెరపీ మీద ఆసక్తి ఉంటే, 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూల్‌లో మూవ్‌మెంట్ థెరపిస్టు పేరు ఉంది. అయితే థెరపీ వేరు, కళ నేర్పడం వేరు. పిల్లాడు బొమ్మ వేసిన ప్రతిసారీ దాన్ని చికిత్స అనక్కర్లేదు.

మీకు సంగీతమో నాట్యమో ఇప్పటికే వచ్చి ఉంటే ఈ దారిలో ముందున్నట్టే. జీతాల గురించి మాత్రం భ్రమలొద్దు. రెగ్యులర్ డీఎస్సీ పోస్టు వస్తే సరే, లేదంటే కాంట్రాక్టు, ప్రైవేటు స్కూళ్లే. అక్కడ 'తక్కువ పోటీ' అంటే తక్కువ జీతం కూడా కావచ్చు. పోటీ లెక్క చూసుకుని మాత్రమే వచ్చేవాళ్లు మొదటి ఏడాదే అలిసిపోతారు.

తల్లిదండ్రులు అడిగితే చెప్పడానికి ఒక సంగతి గుర్తుంచుకోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు సీబీఎస్ఈ పదో తరగతిలో ఒక భాష తప్పనిసరిగా ఉంచుకుని, మిగతా సబ్జెక్టుల ఎంపికలో సంగీతం, పెయింటింగ్ లాంటివి తీసుకునే వెసులుబాటు ఉంది. సార్వత్రిక విద్యాపీఠం ఎన్ఐఓఎస్‌లోనూ పెయింటింగ్, కర్ణాటక సంగీతం పరీక్ష సబ్జెక్టులే. కళ కాలక్షేపం పీరియడ్‌గా కాకుండా మార్కుల మెమోలో సబ్జెక్టుగా వస్తే ఇంట్లోవాళ్ల చూపు మారుతుంది. మామిడి తోటలో కూలికి వెళ్లే తల్లికి 'మీవాడు పాస్ అవ్వొచ్చు' అన్న మాట, 'మీవాడిలో ప్రతిభ ఉంది' అన్నదానికంటే ఎక్కువ పనికొస్తుంది.

బీఎడ్ స్పెషల్‌కు దరఖాస్తు చేయాలా వద్దా అని ఊగుతుంటే, ఈసారి ఊరెళ్లినప్పుడు మండల విద్యాధికారి ఆఫీసులో భవిత కేంద్రం ఎక్కడుందో అడగండి. అనుమతి తీసుకుని నాలుగు రోజులు కూర్చోండి. ఇంట్లో డప్పో కంజీరో ఉంటే పట్టుకెళ్లండి, ముందు పిల్లలనే వాయించనివ్వండి.