ముందు చిప్స్ మీది బొమ్మ తీయండి

పిల్లలు కూరగాయలు తినాలంటే ప్యాకెట్ మీద బొమ్మలుండాలట, డబ్బా విప్పితే ఆటవస్తువు కావాలట. నేనొప్పుకోను. ఆపిల్‌కి ఎల్మో స్టిక్కర్ అంటిస్తే పిల్లలు ఎక్కువగా తీసుకున్నారని 2012లో అమెరికాలో కార్నెల్ పరిశోధకులు రాశారు. 8-11 ఏళ్ల వాళ్ల మీద చేశామన్న ఆ ప్రయోగం, నిజానికి 3-5 ఏళ్ల వాళ్ల మీద చేసిందని తేలింది. 2017లో పత్రిక ఆ వ్యాసాన్నే రద్దు చేసింది.

మా స్టేషన్ ఘన్‌పూర్‌లో గోకరకాయ, సొరకాయ కుప్పపోసి అమ్ముతారు. ప్యాకెట్టే లేనిదానికి బొమ్మెక్కడ వేస్తారు? బొమ్మలున్నవి కిరాణా కొట్ల ముందు వేలాడే చిప్స్ దండలకే. (చిక్కుడుకాయకు పుట్టుకతోనే ప్యాకింగ్ ఉంది, పిల్లలతో ఒలిపించి చూడండి, ఆటంటే అదీ!) బొమ్మ వేసిన క్యారెట్ ధర పెరుగుతుంది, సంచి పట్టుకొచ్చిన తల్లి మళ్లీ విడి క్యారెట్టే కొంటుంది.

చిలీ దేశం 2016లో చక్కెర, ఉప్పు మోతాదు మించిన సరుకుల మీద పిల్లల్ని లాగే బొమ్మల్ని నిషేధించింది. ఇక్కడేమో చిప్స్ జోలికి పోకుండా, క్యారెట్‌కి వేషం కట్టి పోటీకి దించుతామంటున్నారు. బడి మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు కూరగాయల లెక్క రోజుకు 50 గ్రాములు. సాంబార్లో కలిసిపోతే కంటికి కూడా కనబడవు. ముందు ఆ 50 పెంచమని అడగండి, చిప్స్ మీది బొమ్మ తీయించండి. డిజైన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.