ఈసీ తీశారు సరే, పునాది చూశారా?

కొనబోయే ఇంటిని పరీక్షించడమంటే రెండు కోవల పని. ఇంటిని నిలబెట్టేవి మొదటి కోవ: నేల, పునాది, పిల్లర్లు, బీములు, శ్లాబు, గోడలు, పైకప్పు. ఆ ఇంట్లో మనుషులు బతకడానికి కావలసినవి రెండోది: కరెంటు, నీళ్లు, మోటార్లు, మురుగు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో ఇల్లు కొనేవాళ్లు ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తారు, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపిస్తారు, వాస్తు చూసేవాళ్లను ఒకటికి రెండుసార్లు తిప్పుతారు. కట్టడం తెలిసిన మనిషిని మాత్రం వెంట తీసుకెళ్లరు. జీవితకాలపు సంపాదన పెట్టే చోట ఇది చిన్న పొరపాటు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఇంట్లోని ముఖ్యమైన లోపం తనకు తెలిస్తే అమ్మేవారు చెప్పి తీరాలి. కానీ మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవారికే కనిపించే లోపానికి ఆ సెక్షన్ వర్తించదు. ఆ మామూలు జాగ్రత్త ఎంతవరకు అన్నదే ఇక్కడి విషయం.

దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. భద్రాచలం షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదిలీ నిబంధనలను సవరిస్తూ వచ్చిన 1970లోని ఒకటో రెగ్యులేషన్, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనే చట్టం, ఏజెన్సీలో గిరిజనేతరులు స్థిరాస్తి కొనడాన్ని చెల్లనివ్వదు. అమ్మేది గిరిజనేతరుడైనా అంతే. సుప్రీంకోర్టు 1988లో ఈ చట్టాన్ని సమర్థించింది. నోటరీ కాగితం మీద చేతులు మారే ఇంటికి ఎంత గట్టి పునాది ఉన్నా హక్కు రాదు. ఆదివాసుల భూమిని కాపాడడానికి వచ్చిన చట్టమిది, దాన్ని పక్కదారి పట్టించే బేరానికి ఏ ఇంజనీరు సలహా అక్కరకు రాదు. ఏజెన్సీలో ఇల్లు కొనే ఆదివాసీ కుటుంబాలు, ఖమ్మంలాంటి మైదాన ప్రాంతాల్లో కొనే అందరూ కింద చెప్పినవన్నీ చూసుకోవాల్సిందే.

ఈ నేల మీద ఇంటి పరీక్ష నదితోనే మొదలవుతుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగుల దాకా వెళ్లింది. కరకట్ట ఉంది గదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. నది పోటు మీద ఉన్నప్పుడు స్లూయిజులు మూసేస్తారు, అప్పుడు ఊళ్లో కురిసిన వాన బయటికి పోయే దారి లేక పల్లపు వీధుల్లో నిలుస్తుంది. ఖమ్మంలో 2024 సెప్టెంబరు 1న మున్నేరు 36 అడుగులు దాటి బొక్కలగడ్డ, వెంకటేశ్వర నగర్, ప్రకాశ్ నగర్ వంటి చోట్ల ఇళ్లలోకి దూరింది. వరద తగ్గాక ఆ ఇళ్లలో కొన్నింటికి రంగులు పడతాయి, అమ్మకానికి వస్తాయి. నీళ్లెక్కడిదాకా వచ్చాయని అమ్మేవారిని కాదు, ఎదురింటి ముసలమ్మను అడగాలి.

గోడలూ చెబుతాయి. నడుము ఎత్తుదాకా మాత్రమే కొత్త ప్లాస్టరింగు ఉండి పైన పాతదే ఉంటే కారణం అడగాలి. బీరువా వెనక, మెట్ల కింద, తలుపు చట్రం పక్కన రంగు పడని చోట్లలో నీటి చార ఒకే మట్టంలో ఇల్లంతా సాగుతుంది. వాన చెమ్మ అలా ఉండదు, అది పైనుంచి కిందికి మరకలుగా దిగుతుంది. అన్నిటికన్నా నమ్మదగిన సాక్షి స్విచ్ బోర్డు. మెయిన్ ఆపించి, కింద ఉన్న ప్లగ్ బోర్డు మరలు విప్పితే లోపలి పెట్టె అడుగున సన్నటి ఒండ్రు, పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి పిన్నులు కనిపిస్తాయి. గోడలకు రంగులు వేసినవాళ్లు అక్కడిదాకా వెళ్లరు.

తర్వాత నేల. ఖమ్మం చుట్టూ పత్తి, మిర్చి పండే నల్లరేగడి విస్తారంగా ఉంది. ఆ మట్టి వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. దాని మీద లోతు చాలని పునాదితో కట్టిన ఇల్లు ఏటా లేచి దిగుతుంటుంది. కిటికీల, తలుపుల మూలల నుంచి ఏటవాలుగా పాకే బీటలు దీని గుర్తు. మే నెలలో వేలు దూరేంత ఉన్న బీట సెప్టెంబరులో గీతలా మూసుకుంటుంది, అందుకే ఇలాంటి ఇంటిని రెండు కాలాల్లోనూ చూడడం మంచిది. అంత వ్యవధి లేకపోతే బీట రెండు చివర్ల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తేదీ రాయాలి. మూడు వారాల తర్వాత వచ్చినప్పుడు బీట ఆ గీత దాటి ఉంటే కదలిక ఇంకా ఆగలేదని అర్థం. ప్లాస్టరింగు మీద సాలెగూడులా పరుచుకునే వెంట్రుకవాసి పగుళ్లు వేరు, అవి క్యూరింగ్ సరిగా చేయకపోవడం వల్ల వచ్చినవి, భయపడక్కర్లేదు. రేగడిలో ఇళ్లు నిలబెట్టడానికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్ రీమ్డ్ పైళ్ల పద్ధతిని రూపొందించి దశాబ్దాలయింది. ఆ ఇంటికి ఏ రకం పునాది వేశారో కట్టిన మేస్త్రీని అడిగితే చాలాసార్లు నిజమే చెబుతారు.

పిల్లర్లు, బీముల విషయం ఇంకొంచెం నిదానంగా చూడాలి. 2025 మార్చి 26న భద్రాచలంలో కడుతూ ఉన్న బహుళ అంతస్తుల భవనం కూలి ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పాత కట్టడం మీదే, అనుమతుల్లేకుండా అంతస్తులు పెంచారని అప్పుడు వార్తలొచ్చాయి. ఆ ఘటన ఇల్లు కొనేవాళ్లకు నేర్పే ప్రశ్న సూటిగానే ఉంది: ఈ పునాది ఎన్ని అంతస్తులకు వేసింది? ఒక అంతస్తుకు అనుమతి తీసుకుని, పదేళ్లకు మరొకటి, ఆ పైన అద్దెకు ఇవ్వడానికి ఇంకొకటి వేసిన ఇళ్లు పట్టణాల్లో వీధివీధికీ ఉన్నాయి. మంజూరైన ప్లాను తెప్పించి, అందులోని అంతస్తులు, కళ్లెదుటి అంతస్తులు సరిపోల్చాలి. స్ట్రక్చరల్ డ్రాయింగ్ దొరికితే పిల్లర్ల కొలతలు టేపు పెట్టి చూడాలి.

ఈ కొలతలకు ఇక్కడ ప్రత్యేకమైన అవసరం ఉంది. 1969 ఏప్రిల్లో భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగులో 5.3 తీవ్రతతో కంపించినప్పుడు ఖమ్మం, కొత్తగూడెంలలో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. దీర్ఘకాలంగా వాడుకలో ఉన్న భూకంప పటంలో గోదావరి లోయలోని ఈ భాగం మూడో జోన్‌లో ఉంది. భూకంపాలను తట్టుకునే కాంక్రీటు కట్టడాలకు 2016లో సవరించిన భారతీయ ప్రమాణం పిల్లర్ వెడల్పు 300 మిల్లీమీటర్లకు తగ్గకూడదంటుంది. వాడుకలో ఉన్న తొమ్మిది అంగుళాల పిల్లర్ 230 మిల్లీమీటర్లే. తొమ్మిది అంగుళాల పిల్లర్ల ఇల్లు రేపే పడిపోతుందని కాదు, దాని మీద ఇంకో అంతస్తు వేద్దామన్న లెక్కతో మాత్రం కొనకూడదు. కింద పార్కింగుకో దుకాణాలకో గోడలు లేకుండా వదిలి, పై అంతస్తుల్లో నిండుగా గోడలు కట్టిన భవనాలకు ఇంకో బలహీనత ఉంది. నేల అటూ ఇటూ ఊగినప్పుడు ఆ భారమంతా కింది పిల్లర్ల మీదే పడుతుంది.

పాత ఇళ్లను లోపలినుంచి తినేసేది తుప్పు. కాంక్రీటులోని క్షారగుణం కడ్డీని కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఆ గుణాన్ని పోగొడుతుంది. ఆ తర్వాత చెమ్మ తగిలితే కడ్డీ తుప్పుపట్టి లావెక్కుతుంది, చుట్టూ ఉన్న కాంక్రీటును తోసి పెచ్చులుగా రాలగొడుతుంది. కడ్డీ మీద శ్లాబులో కనీసం 20 మిల్లీమీటర్లు, పిల్లర్‌లో 40 మిల్లీమీటర్లు కాంక్రీటు ఉండాలని ప్రమాణం. శ్లాబు పోసేటప్పుడు కవర్ బ్లాకులు పెట్టకుండా కడ్డీని సెంట్రింగు పలకల మీదే పరిచేస్తే పైకప్పు అడుగున కొన్నేళ్లకే తుప్పు గీతలు చారలుగా తేలతాయి. బాత్రూము కింది సీలింగు, సజ్జలు, బాల్కనీ అడుగు, ట్యాంకు కింది బీములు ముందుగా చూడాల్సిన చోట్లు. చిన్న సుత్తితో తడుతూ వెళితే గట్టి కాంక్రీటు టంగుమంటుంది, పొర లేచినచోట డొల్లగా పలుకుతుంది. అనుమానం వస్తే ఇంజనీరు చిన్న పెచ్చు తీసి, ఆ తాజా గంటు మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. క్షారగుణం మిగిలి ఉంటే క్షణాల్లో గులాబీ రంగు వస్తుంది. రంగు రాని మేర కడ్డీదాకా వెళ్లిందంటే ఆ శ్లాబుకు రక్షణ పోయినట్టే. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలతో కాంక్రీటు నాణ్యతను అంచనా వేయవచ్చు. ఫాల్స్ సీలింగు ఉన్న ఇంట్లో ఒక పలక తీయించి పైన టార్చి వేసి చూడకుండా బయానా ఇవ్వకూడదు.

అడవి అంచు ఊళ్లలోని పెంకుటిళ్లకు ఈ పరీక్ష వేరుగా ఉంటుంది. అక్కడ బరువు మోసేవి దూలాలు, వాసాలు. దూలం మధ్యలో చూస్తే ఏమీ తెలియదు, గోడలోకి దూరిన కొసల దగ్గరే చెమ్మ చేరి ముందు పుచ్చుతుంది. అక్కడ స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిస్తే చేవగల టేకు లోపలికి దిగనివ్వదు, చెద తిన్న కర్ర పొట్టులా దిగిపోతుంది. గోడల మీద, గడపల కింద, అలమారాల వెనక పెన్సిలు లావు మట్టి గొట్టాలు పాకి ఉంటే చెదలు ఇంట్లోకి దారి వేసుకున్నట్టు. ఒకదాన్ని విరిచి వారం తర్వాత చూస్తే, మళ్లీ కట్టుకున్నాయా లేదా అన్నదాన్ని బట్టి అవి ఇంకా ఉన్నాయో లేదో తేలుతుంది. కోతుల గుంపులు తిరిగే ఊరైతే పెంకులు, ట్యాంకు మూతలు, బయటి పైపులు, డిష్ తీగలు ఏ మేరకు దెబ్బతిన్నాయో మేడెక్కి చూడాలి. డాబా మీదికి ఎక్కినప్పుడే రెండు బకెట్ల నీళ్లు కుమ్మరిస్తే వాటం ఎటుందో, మడుగు ఎక్కడ కడుతుందో తెలుస్తుంది.

కరెంటు దగ్గర చూడాల్సింది తక్కువే, తప్పితే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. బిల్లు మీద మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో ఉంటుంది, రెండు ఏసీలు, గీజరు, మోటారు పెట్టుకునే కుటుంబానికి అది చాలుతుందా లెక్క వేయాలి. లైట్లకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, ప్లగ్గులకు రెండున్నర, ఏసీ, గీజర్లకు నాలుగు ఉండడం మంచి అలవాటు. పాత ఇళ్లలో అన్నిటికీ ఒకే సన్న వైరు లాగి ఉంటారు. ఎర్త్ గుంత ఎక్కడుందో చూపించమంటే చాలామంది చూపించలేరు. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, ఎలక్ట్రీషియన్ మీటరుతో కొలవాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ లేని ఇంటికి అది పెట్టించే ఖర్చు కలుపుకొనే బేరమాడాలి. వరదలో మునిగిన ఇంట్లో వైరింగు పూర్తిగా మార్చక తప్పదు.

బోరును ఏప్రిల్, మే నెలల్లో చూసినవారే నిజం చూసినట్టు. మోటారు గంటసేపు ఆపకుండా నడిపిస్తే ధార సన్నబడుతుందా, బురద వస్తుందా అన్నది తెలుస్తుంది. కుళాయిల మూతుల మీద తెల్లటి పొర ఉప్పునీటి గుర్తు. ఫ్లోరైడ్ కంటికి కనిపించదు, సీసాలో పట్టి ప్రయోగశాలకు ఇవ్వాల్సిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. మిషన్ భగీరథ కనెక్షన్ ఉంటే నీళ్లు వారంలో ఎన్నిసార్లు, ఏ వేళకు వస్తాయో పొరుగువారిని అడగాలి. సంపుకు, సెప్టిక్ ట్యాంకుకు మధ్య దూరం చాలకపోతే రెండూ ఎంత బాగున్నా ఆ ఇంటి నీళ్లు తాగలేరు. సెప్టిక్ ట్యాంకు మూత తీయించడానికి మొహమాటపడతారు గానీ, చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారు, పొంగిన నీరు ఎటు పోతోంది అన్నవి కొనకముందే తెలియాలి. మేడమీది బాత్రూము రంధ్రాలకు గుడ్డలు కుక్కి నీళ్లు కట్టి ఉంచి, మర్నాడు కింది సీలింగు చూస్తే లీకేజీ తేలిపోతుంది.

కొత్త అపార్టుమెంట్లకు రెరా చట్టం కొంత అండ ఇస్తుంది. 500 చదరపు మీటర్ల స్థలం లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టుల్లో స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చిన్న పట్టణాల్లో చేతులు మారే ఇళ్లలో ఎక్కువ భాగం పాతవీ, విడి ఇళ్లే, వాటికి ఈ అండ లేదు. అమెరికాలోని డాలస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం అక్కడ ఇల్లు కొంటే ఒప్పందమయ్యాక కొద్దిరోజుల ఆప్షన్ గడువు ఉంటుంది, రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సున్న ఇన్‌స్పెక్టరు ఆలోపు ఇల్లంతా చూసి నివేదిక ఇస్తారు, నచ్చకపోతే వెనక్కి తగ్గవచ్చు. అదే కుటుంబం ఖమ్మంలో తల్లిదండ్రులకు ఇల్లు కొనేటప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు చూసి బయానా పంపుతుంది. ఇక్కడ అలాంటి లైసెన్సు వ్యవస్థ లేకపోయినా పని ఆగదు. బ్రోకరు తెచ్చిన మనిషిని కాక, కొనేవారే ఎంచుకున్న స్ట్రక్చరల్ ఇంజనీరును, ఒక ఎలక్ట్రీషియన్‌ను ఒక పూట తీసుకెళ్తే చాలావరకు తేలుతుంది. పెద్ద అనుమానాలకు వరంగల్ ఎన్ఐటీ వంటి సంస్థల సివిల్ విభాగాలున్నాయి.

వాళ్లు చెప్పింది నోటిమాటగా వదలకూడదు. లోపాలు, వాటి మరమ్మతు ఖర్చు కాగితం మీద రాయించుకుని, ధరలో తగ్గించడమో, రిజిస్ట్రేషన్‌లోపు అమ్మేవారే చేయించడమో అగ్రిమెంటులోనే రాసుకోవాలి. వరద చరిత్ర, తర్వాత వేసిన అంతస్తులు, బోరు పరిస్థితి గురించి అమ్మేవారు చెప్పిన మాటలూ అందులో ఉండాలి. పరీక్షలో మరమ్మతుకు లొంగని లోపం తేలితే బయానా తిరిగి ఇవ్వాలన్న షరతు, అడ్వాన్సు చేతులు మారకముందే రాసుకోవాల్సినది.