పెట్టె అడుగున దొరకిన బిళ్ల



క్రిందటి మాసమున మా సంగం జాగర్లమూడిలో పొరుగింటి పిన్నిగారు కొంగున ముడివేసి తెచ్చిన యొక ఇత్తడి బిళ్లను నా చేతబెట్టి, "అమ్మాయీ! ఇది మా మామగారు ప్రత్తిబేరమునకు నాందేడు పోయినపుడు తెచ్చినదట. దీనికి లక్షలు వచ్చునని యొకడు టెలిఫోనులో చెప్పుచున్నాడు. ముందుగా పదివేలు రుసుము పంపవలయునట. మనుమరాలి చదువునకు అక్కరకు వచ్చును గదా! గాజులు కుదువబెట్టుదునా?" అని యడిగిరి.

బిళ్లకు ఒకవైపున చెట్టుక్రింద గురునానకును, ఆయన కిరుప్రక్కల బాలా, మర్దానా యను శిష్యులును గలరు. రెండవవైపున చేత డేగను దాల్చిన గురుగోవిందసింగు గలడు. ఈయన 1666లో పాట్నాలో జన్మించి, 1699లో ఆనందపురమున ఖాల్సాను నెలకొల్పెను. నాడు ఖడ్గముతో కలిపిన నీటిలో గురుపత్ని బత్తాసులు వేసెనని సిక్కుల ఐతిహ్యము. శౌర్యమునకు మాధుర్యము తోడు కావలయునని దాని భావము. నలుగురు కుమారులను పోగొట్టుకొనియు ధైర్యము వీడని యా మహనీయుడు 1708లో నాందేడున గోదావరీతీరమున పరమపదించెను. ఆ గోదావరియే బాసరమీదుగా మన తెలుగునేలకు వచ్చుచున్నది.

ఇక బిళ్లపై గురుముఖి అంకెలలో 1804 అని యున్నది. అది విక్రమశకము, మన లెక్కకు 1747. ఆ సంవత్సరమును జూపియే యాతడు ఆశపెట్టినాడు. కాని యిట్టి బిళ్లలను యాత్రికులకొరకు తరువాతి శతాబ్దములోను అదే సంవత్సరము వేసి విరివిగా తయారుచేసిరి. కావున దానిమీది యంకె దాని వయస్సునకు సాక్ష్యము కాదు. ఇది నాణెమును కాదు. భక్తులు జ్ఞాపకార్థము కొనిపోవు ముద్రిక.

పాతనాణెములు కొందుమని రిజర్వు బ్యాంకు పేర రుసుములు గుంజు మోసగాండ్రను గూర్చి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. కొనువాడు సొమ్మిచ్చును గాని యడుగడు. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్న గాజులు చేతికే యుండును.

ఇట్టి వస్తువు మీ యింట నున్నచో చింతపండుతోను బూడిదతోను తోమకుడు; రూపురేఖ లరిగిపోవును. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, కాగితపు పొట్లమున నుంచుడు. తెచ్చినవారి పేరు, ఊరు, తెచ్చిన కాలము ఒక చీటిపై వ్రాసి జతచేయుడు. విలువ తెలియగోరినచో ఎరిగినవారికి చూపుడు. హైదరాబాదులోని రాష్ట్ర పురావస్తుశాల నాణెముల సేకరణకు ప్రసిద్ధి.

పిన్నిగారు గాజులు కుదువబెట్టలేదు. కాలేజీ జీతమును పాడిసొమ్ముతో రెండు వాయిదాలుగా కట్టుటకు ఏర్పాటైనది. బిళ్లను మనుమరాలి కిచ్చి, ముత్తాత ప్రయాణమును దాపరికము లేక చెప్పిరి. చీటి వ్రాసినది ఆ పిల్లయే.